షుల్జ్ అంటే మన పటేలే – ఒక జర్మన్ ఇంటిపేరు చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయవలసిందని సంపాదక మిత్రులు కోరారు. కోటలను గురించి, రాజవంశాలను గురించి వ్రాయగల చరిత్ర ఉపాధ్యాయులు మన సభ్యులలోనే ఎందరో ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి గిర్దావరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నా సర్వీసంతా పేర్ల మధ్యనే గడిచింది. పహాణీలో పట్టాదారు పేరు, కాస్తుదారు పేరు, ఫౌతీ కేసులలో వారసుల పేర్లు చదవడం, వ్రాయడం, సరిచూడడంతోనే కళ్ళజోడు నెంబరు పెరిగింది. అందుచేత ఒక పేరు చరిత్రనే ఇక్కడ మనవి చేస్తాను. ఆ పేరు జర్మనీ దేశపుది. దాని అర్థం మాత్రం బాన్సువాడ తాలూకాలో పుట్టి పెరిగిన వారెవరికైనా ఇట్టే బోధపడుతుంది. ఆ పేరు షుల్జ్.

తెలుగు అచ్చు వేసిన షుల్జ్

ఈ పేరుతో తెలుగువారికి పాత సంబంధమే ఉంది. తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయింది జర్మనీలోని హాలే పట్టణంలో, 1746, 1747 సంవత్సరాలలో. అవి క్రైస్తవ మతానికి సంబంధించిన చిన్న చిన్న పుస్తకాలు. వాటిని అచ్చు వేయించినవాడు బెంజిమన్ షుల్జ్ అనే లూథరన్ మత ప్రచారకుడు. ఆయన 1689లో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని సోనెన్‌బర్గ్‌లో జన్మించాడు. 1719లో ఓడ దిగి, అప్పట్లో డెన్మార్కు వారి అధీనంలో ఉన్న తరంగంబాడికి వచ్చాడు. అక్కడ తమిళం నేర్చుకొన్నాడు. 1726లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకొన్నాడు. 1728 నాటికి లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం వ్రాశాడు. 1743లో స్వదేశానికి తిరిగి వెళ్ళి, హాలేలో తెలుగు అక్షరాలు పోత పోయించి పుస్తకాలు వేయించాడు. మన పాత దఫ్తరుల భాషకు దగ్గరిదైన హిందుస్తానీకి కూడా ఆయన వ్యాకరణం వ్రాశాడు. అది 1745లో హాలేలోనే అచ్చయింది. 1760లో ఆయన ఆ పట్టణంలోనే మరణించాడు.

ఆయన మత ప్రచారం సంగతి ఎలా ఉన్నా, మన లిపికి మొదట అచ్చుయంత్రం చూపించినవాడుగా తెలుగు ముద్రణ చరిత్రలో షుల్జ్ పేరు చెప్పుకొంటారు. విల్యం కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపూరులో 1814లో వెలువడింది. అంటే షుల్జ్ పుస్తకాలు దానికంటే దాదాపు డెబ్భై ఏండ్లు ముందువి. అయితే ఆయన తెలుగు వ్యాకరణం మాత్రం చాలాకాలం వ్రాతప్రతిగానే ఉండిపోయి, చివరకు 1984లో హాలేలో అచ్చయింది. ఈ 1984 అనే సంవత్సరాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. దాని అవసరం ముందు ముందు వస్తుంది.

పేరులోని అర్థం

షుల్జ్ అన్న పేరు 'షుల్ట్‌హైస్' అనే పాత జర్మన్ మాటకు పొట్టి రూపం. అందులో రెండు ముక్కలున్నాయి. 'షుల్ట్' అంటే బాకీ, చెల్లించవలసినది. 'హైస్' అంటే ఆజ్ఞాపించడం. రెండూ కలిపితే, బాకీ కట్టమని హుకుం చేసేవాడు అని అర్థం. మన భాషలో చెప్పాలంటే శిస్తు వసూలు చేసే ఊరి పెద్ద. ఊరి తగాదాల విచారణ కూడా అతని చేతనే ఉండేది. అంటే నిజాం కాలపు మాలీ పటేలు పనీ, పోలీసు పటేలు పనిలో కొంత భాగమూ ఒకే మనిషి చేసేవాడన్నమాట.

ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో తెలుసుకొంటే మన ప్రాంతం వారికి మరింత ఆసక్తి కలుగుతుంది. 12, 13 శతాబ్దాలలో జర్మనీ పడమటి భాగం నుంచి రైతులు తండోపతండాలుగా తూర్పు దిక్కున అడవులూ చిత్తడి నేలలూ ఉన్న ప్రాంతాలకు వలస పోయారు. నిజాంసాగర్ కాలువ పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి మన చుట్టుపక్కల క్యాంపులు కట్టుకొన్నట్లు ఊహించుకోవచ్చు. అక్కడ భూమి గల ప్రభువు ఒక సమర్థుణ్ణి పిలిచి, రైతులను తీసుకొని వచ్చి ఊరు నిలబెట్టమని ఒప్పందం చేసుకొనేవాడు. అతడు ఊరు కొలిపించి, పొలాలు పంచి, ఇళ్ళు కట్టించిన తరువాత ఆ ఊరికి అతడే షుల్జ్ అయ్యేవాడు. అందుకు ప్రతిఫలంగా శిస్తు లేని భూమి లభించేది. జరిమానాలలో కొంత వాటా, చాలాచోట్ల మూడవ వంతు, అతనిది. కొన్ని ఊళ్ళలో పిండిమర లేదా సారా అంగడి నడుపుకొనే హక్కు కూడా ఇచ్చేవారు. అవసరమైనప్పుడు ప్రభువుకు గుర్రాన్ని సమకూర్చే బాధ్యత ఉండేది. ఇవన్నీ తండ్రి నుంచి కొడుకుకు వచ్చేవి. ఇది చదువుతూంటే వతన్, ఇనాం, రుసుం అనే మాటలు మన నోటికి రాకుండా ఉండవు. బెంజిమన్ షుల్జ్ పుట్టిన సోనెన్‌బర్గ్ కూడా అలా వలసలతో ఏర్పడిన తూర్పు ప్రాంతంలోనిదే.

మన పటేలు మాట కూడా పాతదే. మాళవ దేశాన్ని ఏలిన పరమార రాజుల తామ్రశాసనాలలో భూదానం విషయం తెలియజేస్తూ గ్రామస్థులను సంబోధించే చోట 'పట్టకిల' అనే గ్రామాధికారి కనిపిస్తాడు. ఆ పట్టకిలుడే గుజరాతులో పటేల్, మహారాష్ట్రలో పాటిల్, మన దగ్గర పటేలు అయ్యాడు. మరాఠీ, కన్నడ సీమలకు ఆనుకొని ఉన్న మన జుక్కల్, మద్నూరు, బిచ్కుంద వైపు పటేల్, పాటిల్, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, కులకర్ణి అనే మాటలు ఒకప్పుడు ఉద్యోగాలు, తరువాత ఇంటిపేర్లు.

ఉద్యోగం ఇంటిపేరు ఎట్లా అవుతుంది?

జర్మనీలో కూడా మొదట మనిషికి ఒక్కటే పేరు. 12వ శతాబ్దంలో రైను నది వెంట ఉన్న కొలోన్ వంటి పట్టణాలు పెరిగాయి. ఒకే వీధిలో నలుగురు యోహాన్లు ఉంటే, ఇల్లు అమ్మిన యోహాన్ ఎవరో, పన్ను కట్టవలసిన యోహాన్ ఎవరో తేల్చడానికి పట్టణపు వ్రాయసగాళ్ళు రెండవ పేరు చేర్చడం మొదలుపెట్టారు. పల్లెలకు ఈ పద్ధతి పాకడానికి ఇంకా రెండు మూడు శతాబ్దాలు పట్టింది. అలా చేర్చిన పేర్లు ముఖ్యంగా నాలుగు విధాలు. ఊరినిబట్టి వచ్చినవి కొన్ని. పశ్చిమ జర్మనీ మొదటి ఛాన్సలర్ కొన్రాడ్ అడెనావర్ పేరు అడెనావ్ అనే ఊరి నుంచి వచ్చింది. మన నిడుదవోలు వారు, మల్యాల వారు ఇలాంటివారే. శరీర లక్షణాన్నిబట్టి వచ్చినవి కొన్ని. క్లైన్ అంటే పొట్టి, ష్వార్జ్ అంటే నలుపు. తండ్రి పేరునుబట్టి వచ్చినవి మరికొన్ని. నాలుగవది వృత్తి లేదా ఉద్యోగం. ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, వేబర్ అంటే సాలె, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ ఇంటిపేరుకు అర్థం పిండిమర నడిపేవాడు.

మనకు కూడా ఇంటిపేరు పాత వ్యవహారమే. 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం పాలంపేటలో ఉంది. రేచర్ల, మల్యాల, గోన, విరియాల అనే వంశనామాలు కాకతీయుల కాలపు శాసనాలలో కనిపిస్తాయి. అంటే రైను తీరాన ఇంటిపేర్లు స్థిరపడుతున్న కాలంలోనే ఓరుగల్లు సామంతులకు కూడా ఇంటిపేర్లున్నాయి. మనం ఇంటిపేరు ముందు చెప్పి మనిషి పేరు తరువాత చెబుతాము. జర్మనులు తిరగేసి చెబుతారు. అయితే దక్షిణాన బవేరియా పల్లెలలో వాడుక మాటల్లో ఇప్పటికీ ఇంటిపేరే ముందు వస్తుంది. అక్కడ 'హౌస్‌నామె' అనే మాట కూడా ఉంది. దాన్ని తెలుగు చేస్తే అక్షరాలా ఇంటిపేరే. ఆ ఇంటిని ఎవరు కొనుక్కొని వచ్చినా ఊరివారు ఆ పాత ఇంటిపేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. షుల్జ్ కూడా ముందు వరుసలోనే ఉంటుంది. ఊరి నిండా రైతులుంటే, రైతు అని అర్థమిచ్చే బావర్ అనే పేరు వీటికంటే తక్కువమందికి ఎందుకుంది? కారణం తేలికైనదే. ఒకరి నుంచి ఒకరిని వేరు చేయడానికి పుట్టినది ఇంటిపేరు. ఊళ్ళో అందరూ రైతులే అయినప్పుడు రైతు యోహాన్ అంటే ఎవరికి తెలుస్తుంది? కాని ఊరికి మర ఒక్కటే, షుల్జ్ ఒక్కడే. అందుచేత ఆ పేరు పెట్టగానే మనిషి గుర్తుపడతాడు. ఇన్ని వేలమంది షుల్జ్‌లున్నారంటే అన్ని వేల ఊళ్ళు ఉండేవని అర్థం. మన తెలంగాణలో పటేల్, పట్వారి అనే పేర్లు ఊరూరా వినిపించడానికి కారణం కూడా ఇదే.

ఒకే పేరు, ఎన్నో వ్రాతలు

ఈ పేరు ప్రాంతాన్నిబట్టి రూపం మార్చుకొంది. తూర్పు, మధ్య జర్మనీలో షుల్జె, షుల్జ్. పడమట వెస్ట్‌ఫాలియాలో షుల్టె. సైలీషియాలో షోల్జ్. దక్షిణాన షుల్ట్‌హైస్, షుల్టెస్. పోలండు, చెక్ దేశాలలో షుల్ట్స్ అన్నట్లు పలికి తమ లిపి పద్ధతిలో వ్రాసుకొంటారు. పదహారవ శతాబ్దంలో చదువుకొన్నవారికి తమ పేరును లాటిన్‌లోకి మార్చుకోవడం మర్యాదగా ఉండేది. సంగీతకారుడు మైకేల్ ప్రెటోరియస్ ఇంటివారు మొదట షుల్జ్‌లే. అధికారి అని అర్థమిచ్చే లాటిన్ మాటను వారు ఇంటిపేరు చేసుకొన్నారు.

ఒకే కుటుంబంలో కూడా వ్రాత నిలకడగా ఉండేది కాదు. చర్చి రిజిస్టరులో పాస్టరుగారు ఎలా విన్నాడో అలా వ్రాసేవాడు. తండ్రిది ఒక వ్రాత, కొడుకుది ఒక వ్రాత. మన బెంజిమన్ షుల్జ్ పేరే పుస్తకాలలో రెండు మూడు విధాల కనిపిస్తుంది. ప్రష్యా రాజ్యంలో 1874 అక్టోబరు నుంచి, మొత్తం జర్మనీలో 1876 జనవరి నుంచి జనన మరణ వివాహాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వచ్చిన తరువాతే ఇంటిపేర్ల వ్రాత గట్టిపడింది.

ఉత్తరాన ఫ్రీజియా అనే ప్రాంతంలో అసలు స్థిరమైన ఇంటిపేరే ఉండేది కాదు. తండ్రి పేరే కొడుకుకు రెండవ పేరు. తరం మారితే అదీ మారేది. నెపోలియన్ ఆ ప్రాంతాన్ని ఆక్రమించినప్పుడు, ప్రతి కుటుంబం స్థిరమైన ఇంటిపేరు ఎన్నుకొని నమోదు చేయించుకోవాలని 1811లో ఉత్తర్వు వేశాడు. సైన్యంలోకి మనుషులను తీసుకోవాలన్నా, పన్ను వేయాలన్నా సర్కారుకు పేరు నిలకడగా ఉండాలి కదా!

మన పాత ఉర్దూ రికార్డులు చూసినవారికి ఈ ఫ్రీజియా పద్ధతి కొత్తగా అనిపించదు. నేను చూసిన కాగితాలలో 'రాజయ్య వల్ద్ నర్సయ్య' అని ఉండేది. వల్ద్ అంటే కుమారుడు. పెద్ద వతన్‌దారుల పేర్ల ప్రక్కన ఇంటిపేరో, బిరుదో ఉండేది గాని సామాన్య రైతుకు తండ్రి పేరే ఆనవాలు. అతని ఇంటిపేరు ఊరి నోట్లో ఉండేది, కాగితం మీదికి ఎక్కేది కాదు. ఉర్దూ లిపిలో ఒక విధంగా వ్రాసినది 1954–55 ఖాస్రా పహాణీ నాటికి ఇంకొక విధం, తరువాత తెలుగులోకి, ఇంగ్లీషులోకి ఎక్కేసరికి మరొక విధం అయ్యేది. ఫౌతీ విరాసతు విచారణలో సగం కాలం ఈ ముగ్గురూ ఒక్కడేనా అని తేల్చడానికే సరిపోయేది.

ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది

జర్మనీలో వంశపారంపర్యపు షుల్జ్ ఉద్యోగం ఎల్లకాలం ఉండలేదు. ప్రష్యా ప్రభుత్వం 1872లో జిల్లా పరిపాలన చట్టం తెచ్చి, తూర్పు జిల్లాలలో ఫలానా భూమి కలవాడే ఊరి పెద్ద అనే హక్కును రద్దు చేసింది. అప్పటినుంచి ఊరి పెద్దను ఎన్నుకోవలసి వచ్చింది. ఆరు వందల ఏండ్ల ఉద్యోగం పోయింది. ఇంటిపేరు మాత్రం పోలేదు.

మనకు ఆ రోజు 1984 జనవరి 6న వచ్చింది. ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా తెలంగాణలో పటేల్ పట్వారీలను, ఆంధ్రలో కరణం మునసబులను ఒక్క కలం పోటుతో తొలగించింది. ఆ తరువాత అది చట్టమైంది. 1985లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. షుల్జ్ వ్యాకరణం హాలేలో అచ్చయింది కూడా ఆ 1984లోనే. షుల్జ్ పేరుకు అర్థమైన ఉద్యోగం మన ఊళ్ళలో ఏ సంవత్సరం పోయిందో, షుల్జ్ తెలుగు పుస్తకం అదే సంవత్సరం వెలుగు చూసింది. ఇది కేవలం కాకతాళీయమే అయినా చెప్పుకోదగ్గదిగా నాకు తోచింది.

నేను అప్పుడు తాలూకా కచ్చేరిలో గుమాస్తాను. పట్వారీల ఇళ్ళ నుంచి రికార్డు స్వాధీనం చేసుకొనే పని మీద తిరిగినవాణ్ణి. ఎర్రగుడ్డలో కట్టిన బస్తాలు విప్పి, జాబితా ప్రకారం లెక్క పెట్టి సంతకాలు తీసుకొనేవాళ్ళం. కొందరు మౌనంగా అప్పగించారు. కొందరు తాత కాలం నుంచి కాపాడిన కాగితాలని కన్నీరు పెట్టుకొన్నారు. బయట అరుగుల మీద నిలబడి చూస్తున్నవారిలో కొందరి ముఖాల్లో సంతోషం కూడా చూశాను. రెండూ నిజమే. పహాణీని కంటికి రెప్పలా చూసుకొన్న పట్వారీలున్నారు. ఒక్క అక్షరం మార్చి భూమి మార్చినవారూ ఉన్నారు. వెట్టి చేయించిన పటేళ్ళ దొరతనం మీద తెలంగాణలో 1946 నుంచి 1951 దాకా ఎంత పోరాటం జరిగిందో ఇక్కడ మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఆ తరువాత మార్పులు చాలా వచ్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. గ్రామంలో ఉద్యోగి పేరు అనేకసార్లు మారింది. వి.ఆర్.ఓ. పదవిని 2020లో రద్దు చేశారు. 2025లో గ్రామ పాలనాధికారి అనే పేరు వచ్చింది. 2016లో మన బాన్సువాడ నిజామాబాదు జిల్లా నుంచి కొత్త కామారెడ్డి జిల్లాలోకి వచ్చి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఇన్ని మారినా పటేలు మాత్రం ఇంటిపేరుగా, పిలుపుగా నిలిచే ఉన్నాడు. 'ఏం పటేలా, బాగున్నవా' అని పిలిచినప్పుడు పిలిచేవాడికి ఆ ఉద్యోగం రద్దయిన సంగతి గుర్తుండదు.

హైదరాబాదు సంస్థానాన్ని 1948లో భారతదేశంలో కలిపిన సర్దార్ వల్లభ్‌భాయి ఇంటిపేరు కూడా పటేలే. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. 2021 డిసెంబరు నుంచి 2025 మే వరకు జర్మనీ ఛాన్సలర్‌గా ఉన్న ఓలాఫ్ షోల్జ్ కూడా న్యాయవాదే. సైలీషియా యాసలో షోల్జ్ అంటే షుల్జే అని పైన చెప్పాను. ఇద్దరి ఇంటిపేర్లకూ అర్థం ఒక్కటే, ఊరి పెద్ద. ఇద్దరిలో ఎవరూ ఊరి శిస్తు వసూలు చేయలేదు.

సుంకరి, నీరడి, బేగరి

ఊరి పెద్ద పేరు గురించి ఇంత చెప్పి ఊరికి చాకిరీ చేసినవారి పేర్లు చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది. మన మెదక్, నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలలో నీరడి, సుంకరి, తలారి, బేగరి అనే ఇంటిపేర్లు వేలాదిగా ఉన్నాయి. చెరువు తూము తీసి పొలాలకు నీరు వంతుల ప్రకారం పారించినవాడు నీరడి. ఊరికి కావలి కాసినవాడు తలారి. సుంకం వసూలుతో సంబంధం ఉన్న మాట సుంకరి. బేగార్ అనే పారశీక పదానికి కూలి లేని పని అని అర్థం. బేగరి అనే ఇంటిపేరు ఆ కుటుంబం చేసిన కూలి లేని పనికి నేటికీ మిగిలిన సాక్ష్యం.

జర్మనీలో కూడా ఇటువంటివి ఉన్నాయి. షూట్జ్ అంటే కొన్నిచోట్ల పొలం కావలివాడు. బిట్టెల్ అంటే కచ్చేరి జవాను. ష్రైబర్ అంటే వ్రాతగాడు, అంటే మన పట్వారి. సోల్నర్ అంటే సుంకం వసూలు చేసేవాడు. మార్టిన్ లూథర్ తన జర్మన్ బైబిలులో ఏ జనం ఈసడించుకొన్న వారికి సోల్నర్ అనే మాట వాడాడో, తెలుగు బైబిలులో వారికే సుంకరి అనే మాట వాడారు. అంత చెడ్డపేరు మోసిన మాట కూడా అక్కడ చక్కని ఇంటిపేరుగా నిలిచిపోయింది.

ఇక్కడే అక్కడికీ ఇక్కడికీ తేడా ఉంది. ఈనాడు జర్మనీలో తలుపు మీద షుల్జ్ అని ఉన్నా, సోల్నర్ అని ఉన్నా పోస్టుమాన్ ఉత్తరం ఒకే విధంగా ఇచ్చిపోతాడు. షుల్జ్ అనగానే ఎవరూ లేచి నిలబడరు. సోల్నర్ అనగానే ఎవరూ మొహం తిప్పుకోరు. పేరులోని హోదా ఎప్పుడో ఆవిరైపోయింది. మనకు ఇంకా ఆ స్థితి రాలేదు. పటేల్ అని చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెరుగుతుంది. బేగరి అని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. పాఠశాలలో హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు చదవవద్దని ఉపాధ్యాయుణ్ణి బతిమాలుకొన్న పిల్లలను మన ఉపాధ్యాయ సభ్యులు చూసే ఉంటారు. పట్టణానికి పోయి ఇంటిపేరు మార్చుకొని గెజిట్‌లో వేయించుకొన్నవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. పేరు మోసేవాడికే దాని బరువు తెలుస్తుంది.

కాని ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. నీరడి లేకుండా ఏ చెరువు క్రింద చివరి మడి తడిసింది? పట్వారీ కాగితం మీద ఎకరాలు వ్రాశాడు గాని, ఆ ఎకరం పండటానికి తూము దగ్గర రాత్రంతా మేలుకొన్నవాడు నీరడి. నిజాంసాగర్ 1931లో పూర్తికాక ముందు ఈ ప్రాంతపు వ్యవసాయం చాలావరకు చెరువులు, కుంటలు, బావుల మీదనే నడిచింది. నా ఉద్దేశంలో పటేల్ కంటే నీరడి తక్కువ పేరు కాదు. దాన్ని తక్కువ చేసింది మన చూపే. ఈ నీరడి, సుంకరి, మస్కూరి వంటి పాత గ్రామ సేవకులే తరువాత వి.ఆర్.ఏ.లు అయ్యారు. 2023లో వారిని ఇతర శాఖలలో సర్దుబాటు చేశారు. దానితో ఆ పనుల చివరి ఆనవాళ్ళు కూడా కచ్చేరి నుంచి వెళ్ళిపోయాయి. ఇక వాటి జ్ఞాపకం మిగిలేది ఇంటిపేర్లలోనే.

మన ఇళ్ళలో పుడుతున్న పేర్లు

ఇంటిపేర్లు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిందని అనుకోకూడదు. మన సంఘం సమావేశానికి వచ్చి ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. పదవీ విరమణ చేసి ఇరవై ఏండ్లు దాటినా 'హెడ్మాస్టరు సారు', 'కంపౌండరు సాబ్', 'లైన్‌మన్ సారు' అనే పిలుపులే. మా వీధిలో నా పేరు తెలియని వారికి కూడా గిర్దావర్ సాబ్ ఇల్లు తెలుసు. మా మనుమణ్ణి కిరాణా కొట్టులో 'గిర్దావరోళ్ళ పిలగాడు' అంటారు. వాడు చదివేది కంప్యూటరు కోర్సు, గొలుసు ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియదు. ఏడు వందల ఏండ్ల క్రితం ఏదో జర్మన్ పల్లెలో షుల్జ్ చనిపోయిన తరువాత అతని మనుమణ్ణి ఊరివారు ఇలాగే పిలిచి ఉంటారు. ఆ పిలుపు ఒక వ్రాతగాడి చెవిన పడి రిజిస్టరుకు ఎక్కి ఉంటుంది. ఇంటిపేరు పుట్టడానికి అంతకంటే పెద్ద ముహూర్తం అక్కరలేదు.

చివరగా సభ్యులకు రెండు మనవులు. మొదటిది కార్యాలయ సంబంధమైనది. మీ ఇంటిపేరు సర్వీసు బుక్కులో, పెన్షన్ ఉత్తర్వులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఒకే విధంగా ఉన్నదా అని ఈ రోజే చూసుకోండి. మీ శ్రీమతి పేరు ముందు మీ ఇంటిపేరు ఉన్నదా, పుట్టింటి పేరు ఉన్నదా అన్నది కూడా చూడండి. మన సభ్యులలో ఒకరు కాలం చేసిన తరువాత వారి భార్యకు కుటుంబ పెన్షన్ మంజూరు కావడానికి నెలల తరబడి జాప్యం జరిగింది. కారణం ఇంటిపేరులో ఒక కాగితానికీ ఇంకొక కాగితానికీ రెండక్షరాల తేడా. ఆ వయసులో ఆమె కచ్చేరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో నేను దగ్గరుండి చూశాను. 1874కు ముందు జర్మన్ పాస్టరు ఎలా వ్రాసినా చెల్లింది. కంప్యూటరు ముందు మాత్రం చెల్లదు.

రెండవది ఇంటి సంబంధమైనది. మీ ఇంటిపేరు ఎట్లా వచ్చింది, మీ పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పని చేశారు అన్నది మీకు తెలిసినంతవరకు ఒక కాగితం మీద వ్రాసి పిల్లలకు ఇవ్వండి. గొప్ప పని అయితే గొప్పగా, చాకిరీ అయితే చాకిరీగానే, ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. పిల్లలు ఇంగ్లీషులో పొడి అక్షరాలుగా మార్చుకొన్న ఇంటిపేరు ఇంకొక తరానికి ఒట్టి అక్షరమే అయిపోతుంది. 'ఎన్' అంటే నీరడి అని, 'బి' అంటే బేగరి అని అప్పుడు చెప్పేవారుండరు. పటేల్ ఇంటి పిల్లవాడూ, బేగరి ఇంటి పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చొని తమ పేర్ల కథలు తలవంచకుండా, తల ఎగరేయకుండా ఒకరికొకరు చెప్పుకొనే రోజు వస్తే, మనం ఇన్నేండ్లు ఆ రికార్డులు మోసినందుకు అర్థం ఉంటుంది.